ఇరవై ఒక్క రోజుల లెక్క



ఈనాటి విషయం పేరు వినగానే "అబ్బ, పొద్దున్నే ఈ మాటలెందుకమ్మా!" అని రేడియో కట్టేసేవారు కొందరుంటారని నాకు తెలుసు. దయచేసి ఒక్క పావుగంట ఓపిక పట్టండి. రొమ్ము కాన్సరుకు కీమోథెరపీ అనే మందు ఎక్కించుకునేటప్పుడు ఒంటికి కలిగే ఇబ్బందులు ఏమిటి, వాటిని ఇంట్లో ఉండి ఎలా తట్టుకోవాలి, ఏ ఇబ్బంది వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకూడదు, ఇదీ ఇవాళ్టి ముచ్చట. మీ ఇంట్లో ఈ జబ్బు లేకపోవచ్చు. ఎన్నటికీ రాకూడదనే కోరుకుందాం. కాని 2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో 1,92,000 మందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చిందని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసింది. అంటే మన వీధిలోనో, మన చుట్టాలలోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వారికోసమైనా వినండి.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. నేను కాన్సరు డాక్టరును కాను. నర్సుగా పనిచేసి రిటైరయినాను. అదీ ఉద్యోగమంతా కాన్పుల వార్డులోనే గడిచింది. ఈ మందు గురించి నాకు నేర్పింది ముగ్గురు ఆడవాళ్ళు. మిర్యాలగూడలో ఒకామె, సూర్యాపేటలో ఒకామె, కోదాడలో మా చిన్నమ్మ. వాళ్ళ పేర్లు చెప్పను. వాళ్ళు పడిన బాధలో నుంచి మనకు పనికివచ్చే మాటలు మాత్రం చెబుతాను.

అసలు ఈ మందు చేసే పని ఏమిటి? మన పెద్దలు "రాచపుండు" అనేవారే, అదే కాన్సరు. ఒంట్లో కొన్ని కణాలు కట్టు తప్పి, ఆగకుండా రెట్టింపవుతూ పోవడమే ఈ జబ్బు. ఆపరేషను చేసి గడ్డను తీసేస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్ళు, "గడ్డ తీసేసినారు గదా, మళ్ళీ ఈ మందెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గడ్డలో నుంచి కంటికి కనబడని కణాలు కొన్ని అప్పటికే రక్తంలో కలిసి పోయి ఉండవచ్చు. వాటిని కత్తితో తీయలేరు. రక్తంతో పాటు ఒళ్ళంతా తిరిగే మందే వాటిని వెతికి పట్టుకోవాలి. అందుకని కీమో. ఇది అందరికీ అవసరం పడదు. గడ్డ పరీక్షల ఫలితం చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. కొందరికి ఆపరేషనుకు ముందే ఇచ్చి గడ్డను చిన్నది చేస్తారు.

సాగరు ఎడమ కాలువ కింద వరి పండించే మన వైపు స్త్రీలకు ఒక పోలిక చెబితే తేలికగా తెలుస్తుంది. పొలంలో కలుపు మందు చల్లుతాము. కలుపు చచ్చిపోతుంది. కాని ఒక్కొక్కసారి వరి కూడా నాలుగు రోజులు పచ్చదనం తగ్గి, తల వాల్చి, తరువాత మెల్లగా తేరుకుంటుంది. కీమో మందు సంగతీ అంతే. ఎవరు తొందర తొందరగా పెరుగుతున్నారో వాళ్ళ మీద పడడమే దాని పని. కాన్సరు కణాలు తొందరగా పెరుగుతాయి, నిజమే. కాని మన ఒంట్లో తొందరగా పెరిగే మంచి కణాలు కూడా ఉన్నాయి. జుట్టు కుదుళ్ళు, నోటిలోపలి పొర, కడుపు పేగుల లోపలి పొర, ఎముకల మూలుగలో రక్తం తయారయ్యే చోటు. ఈ నాలుగు చోట్లనూ గుర్తుపెట్టుకోండి. జుట్టు ఎందుకు రాలుతుంది, నోరు ఎందుకు పూస్తుంది, వాంతులూ విరేచనాలూ ఎందుకు, జ్వరమంటే ఎందుకు భయం, చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది. మంచి కణాలు మళ్ళీ తేరుకుంటాయి. వాటికి ఆ వ్యవధి ఇవ్వడానికే మందుకూ మందుకూ మధ్య ఎడం పెడతారు.

ఇక్కడ మనవాడి పేరొకటి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించినప్పుడు తయారైన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ మందు రొమ్ము కాన్సరు మీద పనిచేస్తుందని 1951లో చూపినవారిలో జేన్ రైట్ అనే నల్లజాతి వైద్యురాలు ముఖ్యురాలు. 1976లో ఇటలీలోని మిలాన్ డాక్టరు బోనడొన్నా ఆ మందుతో కలిపి మూడు మందులను ఆపరేషను తరువాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని ప్రకటించాడు. ఈనాడు మన ఆడవాళ్ళకు ఎక్కించే మందులు చాలావరకు వేరు. కాని ఆ దారి వేసినవాళ్ళలో ఒక తెలుగువాడు, ఒక స్త్రీ ఉన్నారన్నది మరచిపోకూడదు.

సరే, ఇప్పుడు లెక్కకు వద్దాం. ఎక్కువమందికి ఈ మందు 21 రోజులకు ఒకసారి ఇస్తారు. కొందరికి వారం వారం, కొందరికి రెండు వారాలకోసారి. 21 రోజుల వాళ్ళ సంగతే తీసుకుందాం. మందు ఎక్కించిన రోజు ఒకటవ రోజు. మొదటి మూడు నాలుగు రోజులు వికారం, వాంతులు. నాలుగైదు రోజుల నుంచి నోటి పూత, నీరసం. ఏడవ రోజు నుంచి పద్నాలుగవ రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉండే కాలం. ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన వారం. పదిహేను దాటితే ఒళ్ళు తేలికపడుతుంది. ఆకలి వేస్తుంది. ఇంతలో 21 వస్తుంది. ఒక కాలెండరు తెచ్చి గోడకు కొట్టి, ఈ రోజుల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టండి. బాధ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ముందే తెలిస్తే మనిషికి ఎంత ధైర్యమో నేను కళ్ళారా చూశాను.

మొదట మిర్యాలగూడ ఆమె సంగతి. రైసు మిల్లులో పనిచేసుకునే మనిషి. మొదటి మందుకు వాంతులు అయ్యాయి. ఇంటికి రాగానే అత్తమ్మ పథ్యం పెట్టింది. "పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు చలువ, మాంసం ముట్టనే ముట్టొద్దు. పత్యం లేంది మందు పనిచేస్తదా?" అని. ఆ పెద్దామె ప్రేమతోనే చేసింది, తప్పు పట్టడానికి లేదు. కాని రెండు నెలలు ఉత్త చారన్నంతో ఆ పిల్ల చిక్కి శల్యమయింది. మూడవ మందుకు రైలెక్కి హైదరాబాదు పోతే, రక్తం చాలదు, బరువు తగ్గింది, వారం ఆగి రమ్మని వెనక్కు పంపారు. ఇంటికి వచ్చి నాతో అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అక్కా, ఇగ నాతోని గాదు. సచ్చినా బతికినా ఇంట్లనే ఉంట."

చూశారా! మందు పడక కాదు, జబ్బు ముదిరి కాదు. తిండి లేక, ఓపిక లేక మధ్యలో మానేద్దామనుకుంది. ఇలా సగంలో ఆపితే, పడిన బాధ పడ్డట్టే ఉంటుంది, ఫలితం మాత్రం పూర్తిగా దక్కదు. సగం పొలానికి మందు చల్లి ఊరుకుంటే కలుపు ఏమవుతుంది?

అందుచేత మొదటి మాట: కీమోకు మన పాత పథ్యం లేదు. పప్పు, గుడ్డు, పాలు, బాగా ఉడికిన చేపలు, మాంసం, ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు, ఇవన్నీ తినవచ్చు, తినాలి. దెబ్బతిన్న కణాలు తిరిగి కట్టుకోవడానికి ఇవే ఇటుకలు. మధుమేహమో, మూత్రపిండాల జబ్బో ఉంటే వాళ్ళ డాక్టరు చెప్పినట్టు చేయాలి. మానవలసినవి ఏమిటంటే, పచ్చివి, నిలవవి, బయటివి. పచ్చి గుడ్డు, సగం ఉడికిన మాంసం, బండి మీది పానీపూరి, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన చెరకు రసం, ఇవి వద్దు. మన నల్లగొండ బత్తాయి నిక్షేపంగా తినవచ్చు. కాని ఇంట్లో కడిగి, మనమే ఒలుచుకోవాలి. నోరు పూసినప్పుడు మాత్రం పులుపు మండుతుంది, ఆ నాలుగు రోజులు ఆపండి. నీళ్ళు కాచి చల్లార్చినవి.

వాంతుల సంగతి. కీమో అంటే ప్రేగులు బయటికి వచ్చేలా వాంతులని పెద్దలు చెప్పే కథలు చాలావరకు పాతకాలపువి. ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు 1991లో అమెరికాలో వాడుకకు అనుమతి పొందింది. అటుతరువాత ఇంకా మంచివి వచ్చాయి. కాని మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. "వాంతి వస్తే వేసుకుందాంలే" అని మాత్ర దాచిపెడతారు. వాంతి వచ్చాక మాత్ర కడుపులో నిలవదు. డాక్టరు ఎన్ని రోజులు, ఏ వేళకు వేసుకోమన్నారో గడియారం చూసి వేసుకోవాలి, వికారం ఉన్నా లేకున్నా. పొద్దున లేవగానే ఒక రస్కు ముక్కో, గుప్పెడు మరమరాలో నమిలి కాసేపాగి లేవండి. మూడు పూటల నిండా తినడం కాదు, ఆరేడు సార్లు కొంచెం కొంచెం. పోపు వాసన పడదు, కాబట్టి వంట చేసేవారు తలుపు వేసుకోండి. వేడి అన్నం కన్నా చల్లారినదానికి వాసన తక్కువ. రాగి జావ, పలుచని మజ్జిగ, పెరుగన్నం చాలామందికి నిలుస్తాయి. ఆ మాత్రల వల్ల కొందరికి మలబద్ధకం చేస్తుంది, దానికీ మందు అడగండి. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, మామూలుకన్నా నాలుగైదు విరేచనాలు ఎక్కువయినా డాక్టరుకు ఫోను చేయవలసిందే.

నోటి పూతకు పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయండి. తరువాత మామూలు నీళ్ళతో కడుక్కోండి. పూత రాకముందు నుంచే మొదలుపెట్టడం మేలు. మెత్తని బ్రష్షు వాడండి. వేపపుల్ల, బొగ్గు పొడి, ఉప్పు పెట్టి రుద్దడం ఈ ఆరు నెలలు మానండి. ఆవకాయను జాడీలోనే ఉండనివ్వండి, ఎక్కడికీ పోదు.

మిర్యాలగూడ ఆమె మళ్ళీ మందుకు వెళ్ళింది. ఎలాగంటే, అత్తమ్మను కూడా రైలెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాము. "గుడ్డు పెట్టండమ్మా" అని డాక్టరమ్మ నోటితో వినిపించాము. ఆనాటి నుంచి రోజుకు రెండు గుడ్లు ఆ అత్తమ్మే స్వయంగా ఉడకబెట్టి ఒలిచి ఇచ్చింది. కాబట్టి ఒక సలహా. రోగిని ఒక్కదాన్నే గదిలోకి పంపకండి. ఇంట్లో వంట మీద ఎవరి మాట చెల్లుతుందో వారిని వెంట తీసుకువెళ్ళండి.

ఇక సూర్యాపేట ఆమె. బడిలో టీచరు. ఆమెకు వాంతులు పెద్దగా లేవు. పదహారవ రోజు తల దువ్వుకుంటే దువ్వెన నిండా, దిండు నిండా జుట్టు. ఆమె జడ నడుము దాటి ఉండేది. ఆ రోజు తలుపు వేసుకుని అన్నం తినలేదు. "రొమ్ము తీసేస్తే చీరె కొంగు కప్పుకుంటి. దీన్ని దేంతో కప్పుకోను?" అన్నది. మన సమాజంలో ఆడదాని బోడితలకు ఎటువంటి అర్థాలు పెట్టారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మాటలు పడలేకనే మందు మానేద్దామనుకునే వారున్నారు. అందుకే ఇది చిన్న విషయమని నేను అనను.

అన్ని మందులకూ జుట్టు పూర్తిగా ఊడదు. కాని రొమ్ము కాన్సరుకు సాధారణంగా వాడే ఎర్ర మందుకూ, టాక్సేన్ అనే జాతి మందులకూ ఊడుతుంది. రెండు మూడు వారాలలో మొదలవుతుంది. ముందే తెలుసు గనుక, మొదటి మందు ఎక్కించిన వారంలోనే జుట్టును కురచగా కత్తిరించుకుంటే ఆ కుచ్చులు కుచ్చులుగా రాలే దృశ్యం చూడనక్కరలేదు. మెత్తని నూలు గుడ్డ కట్టుకోవచ్చు, విగ్గు పెట్టుకోవచ్చు. తలకు ఎండ తగలనీయకండి. కనుబొమ్మలు, రెప్పలు కూడా రాలవచ్చు, గాభరా పడకండి. మందు పూర్తయిన తరువాత ఒకటి రెండు నెలలలో నూగుగా మొలుస్తుంది. కొందరికి మొదట ఉంగరాలు తిరిగి వస్తుంది కూడా.

ఆ టీచరు గుడ్డ కట్టుకుని, పదిహేనవ రోజు దాటాక బడికి వెళ్ళేది. ఒక చిన్న పిల్ల, "టీచర్, మీరు తిరుపతి పోయొచ్చిన్రా?" అని అడిగిందట. "లేదు బిడ్డా, జబ్బుకు మందు ఏసుకుంటున్న. మళ్ళ వస్తయ్" అన్నది. క్లాసులో ఇంకెవరూ అడగలేదట. నిజం చెబితే పిల్లలు అంతటితో ఊరుకుంటారు. పెద్దవాళ్ళతోనే చిక్కు.

ఆమెకు తరువాతి మందులలో వేళ్ళ కొసలు, అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. టాక్సేన్ మందులకు ఇది మామూలే. కాని చెప్పకుండా ఓర్చుకోకూడదు. డాక్టరు అవసరమైతే మోతాదు మారుస్తారు. తిమ్మిరి ఉన్నప్పుడు వేడి గిన్నె చేతికి తెలియదు, గుడ్డతోనే పట్టుకోండి. చెప్పులు లేకుండా వాకిట్లోకి వెళ్ళకండి. నీరసానికి మంచమే మందనుకోకండి. పొద్దునా సాయంత్రం ఇంటి ముందు పది నిమిషాలు నడిస్తే ఆ నీరసం కొంత తగ్గుతుంది. నెలసరి ఆగిపోవచ్చు, ఒంట్లో ఆవిర్లు రావచ్చు. నెలసరి ఆగింది గదా అని అశ్రద్ధ చేయకండి. గర్భం రావచ్చు, ఈ మందుల కాలంలో అది ప్రమాదం. ఏ జాగ్రత్త వాడాలో డాక్టరును సిగ్గు లేకుండా అడగండి. ఎర్ర మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. మందు ఎక్కేటప్పుడు సూది దగ్గర మంట, వాపు అనిపించినా, ఊపిరాడకపోయినా, దురద పుట్టినా వెంటనే నర్సును పిలవండి. "పాపం, పనిలో ఉన్నది" అని మొహమాటపడకండి.

ఇప్పుడు మా చిన్నమ్మ సంగతి. ఇది చెప్పడానికే ఇంతసేపు కూర్చున్నాను.

కోదాడ. మే నెల. రెండవ మందు ఎక్కించి పదవ రోజు. రాత్రి తొమ్మిదింటికి చిన్నాయన ఫోను చేశాడు. "మీ చిన్నమ్మకు ఒళ్ళు కాలుతున్నది. 101 ఉన్నది. ఏం జెయ్యమంటవు బిడ్డా?" చిన్నమ్మ వెనక నుంచి, "ఏం గాదు, ఎండ తాకినట్టుంది" అంటున్నది. నేను నర్సును. ఆస్పత్రిలో అంత కాలం పనిచేసినదాన్ని. ఏమన్నానో తెలుసా? "పారాసిటమాల్ ఒకటి వేసి, తడిగుడ్డ వేయండి. పొద్దుటి దాకా చూద్దాం."

గంటలో జ్వరం దిగింది. అందరం నిశ్చింతగా పడుకున్నాం. తెల్లవారుజామున వణుకు. మాట తడబడుతున్నది. ఆస్పత్రికి చేర్చేసరికి బ్లడ్ ప్రెషర్ అందడం లేదు. తెల్ల రక్తకణాలు దాదాపు లేవన్నారు. ఎనిమిది రోజులు ఐ.సి.యు.లో ఉంది. బతికింది. ఇంకా రెండు మూడు గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు, నేను మళ్ళీ ఆ మాట అనలేను.

ఎందుకిలా అవుతుంది? తెల్ల రక్తకణాలు మన ఒంటి కాపలాదారులు. ఏడవ రోజు నుంచి పద్నాలుగవ రోజు దాకా ఆ కాపలా పలుచబడిపోతుంది. అప్పుడు ఏ చిన్న క్రిమి చొరబడినా అడ్డం లేదు. మామూలు మనిషికి చీము పడుతుంది, వాస్తుంది, దగ్గు వస్తుంది. కాపలా లేని ఒంట్లో అవేవీ ఉండవు. జ్వరం ఒక్కటే గంట కొడుతుంది. ఆ గంటను పారాసిటమాల్ వేసి మేము నొక్కేశాము. జ్వరం దిగింది గాని జబ్బు దిగలేదు.

కాబట్టి ఈ నాలుగు మాటలు రాసుకోండి. ఒకటి, ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. ఒళ్ళు పట్టి చూసి చెప్పే జ్వరం లెక్కలోకి రాదు. రెండు, 100.4 డిగ్రీలు దాటితే, అర్ధరాత్రయినా అపరాత్రయినా ఆస్పత్రికే. జ్వరం లేకున్నా చలి వణుకు వస్తే కూడా అంతే. డాక్టరు చెప్పనిదే జ్వరం మాత్ర వేయకండి. మూడు, జ్వరంతో నేరుగా హైదరాబాదుకు బయలుదేరకండి. సూర్యాపేట నుంచి సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి సుమారు 175. ఆ మూడు నాలుగు గంటలు చాలా విలువైనవి. దగ్గరలో రాత్రి కూడా డాక్టరు ఉండే ఆస్పత్రికి వెళ్ళి మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షను గంటలోపల పడేటట్టు చూడాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది. మిర్యాలగూడలో, కోదాడలో ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. అక్కడి నుంచి కాన్సరు డాక్టరుకు ఫోను చేయించండి. నాలుగు, ఆస్పత్రి గడపలోనే గట్టిగా చెప్పండి: "కీమో తీసుకుంటున్నాం. ఇవాళ పదవ రోజు. జ్వరం 101." ఈ మూడు ముక్కలు చెప్పకపోతే మామూలు జ్వరాల వరుసలో కూర్చోబెడతారు. మందుల కాగితం ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోనుల్లో పెట్టుకోండి.

ఆ వారంలో జనంలోకి పోవద్దు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరయినా సరే, లింగమంతుల స్వామి ఏమీ అనుకోడు, వచ్చేసారి పోవచ్చు. ఇంటికి వచ్చేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దగ్గు, జలుబు ఉన్న చుట్టాలు ఫోనులోనే పలకరించాలి. ఆపరేషను అయిన వైపు చేతికి ఇంజెక్షను, బ్లడ్ ప్రెషర్ పట్టీ వీలైనంత వరకు వద్దని గుర్తుచేయండి. కొందరికి తెల్ల కణాలు పెరగడానికి మందు ఎక్కించిన మరునాడు ఇంజెక్షను ఇస్తారు. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. హైదరాబాదు నుంచి బస్సులో తెచ్చుకునేవారు ఐసు పెట్టిన డబ్బాలో, గుడ్డ చుట్టి, ఐసు నేరుగా తగలకుండా తెచ్చుకోవాలి. గడ్డకట్టినా చెడుతుంది, ఎండ తగిలినా చెడుతుంది. ఆ ఇంజెక్షనుకు ఎముకలు నొప్పి పెట్టవచ్చు, అది ఊహించిందే.

ఇంట్లోవాళ్ళకు రెండు మాటలు. ఇది అంటుజబ్బు కాదు. కంచం, గ్లాసు, మంచం వేరు చేసి ఆ మనిషిని మూల కూర్చోబెట్టకండి. పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చు. మందు ఎక్కించిన తరువాత 48 గంటలు మాత్రం మూత్రంలో, వాంతిలో ఆ మందు కొంత బయటికి వస్తుంది. మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు పోయండి. ఆ బట్టలు చేతికి తొడుగు వేసుకుని విడిగా ఉతకండి. గర్భిణులు ఆ పని చేయకూడదు. ఇక ఎవరో చెప్పిన పసరు, వేర్ల పొడి డాక్టరుకు తెలియకుండా పెట్టకండి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో పనికి అడ్డం పడతాయి.

ఖర్చు మాట. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రి 1955 నుంచి పేదలకు వైద్యం చేస్తున్నది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే బస్సు కిరాయి, కూలి పోయిన రోజులు ఆ లెక్కలోకి రావు. సూర్యాపేటకు, కోదాడకు రైలు కూడా లేదు. అందుకని ఒక పొదుపు చెబుతాను. మందుకు వెళ్ళే ముందు చేయించవలసిన రక్తపరీక్షను, డాక్టరును అడిగి, ఒకటి రెండు రోజుల ముందు మీ ఊళ్ళోనే చేయించి ఫలితం ఫోనులో పంపండి. కణాలు తక్కువుంటే ప్రయాణం తప్పుతుంది. తిరుగుప్రయాణంలో వాంతి కవరు, నీళ్ళ సీసా, మాత్ర పై సంచిలోనే ఉంచుకోండి, బస్సు డిక్కీలో వేసిన సూట్‌కేసులో కాదు.

చివరగా ఒక నోటుబుక్కు. ఏ రోజు ఏ బాధ, జ్వరం ఎంత, ఏం తిన్నది, ఏ మాత్ర వేసింది, రోజుకు ఒక వరుస చాలు. రెండవ విడతకు ఆ పుస్తకమే మీ ధైర్యం. "పోయినసారి కూడా ఆరవ రోజున ఇట్లనే ఉండె, తొమ్మిదవ రోజుకు తగ్గె" అని మీ రాతే మీకు చెబుతుంది.

మా చిన్నమ్మ ఐ.సి.యు. నుంచి వచ్చాక మిగిలిన మందులన్నీ పూర్తిచేసింది. "మళ్ళీ పోతవా చిన్నమ్మా?" అని నేనే భయపడుతూ అడిగాను. "మందుకు భయం లేదు బిడ్డా, ఆ రాత్రి అసుంటి రాత్రికే భయం. గిప్పుడు అది ఎట్లొస్తదో తెలిసిపాయె గదా" అన్నది. వాళ్ళింట్లో ఆ కాలెండరు గోడకు ఇంకా ఉంది. దాని పక్కనే మేకుకు థర్మామీటరు వేలాడుతూ ఉంటుంది. వాడకట్టులో ఎవరింట్లో ఈ జబ్బని తెలిసినా చిన్నమ్మ ఆ రెండూ తీసుకుని వెళ్ళి కూర్చుంటుంది.

మీరూ మీకు తెలిసిన ఒక్క ఇంటికి ఈ ఇరవై ఒక్క రోజుల లెక్క చెప్పండి.